పాత యుద్ధవిమానాల పందెం - ఫొటోలో దాగిన లెక్క

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో రీనో అనే ఊరుంది. 1964లో అక్కడ మొదలైన విమానాల పందేలు 2023 వరకు దాదాపు ఏటా సెప్టెంబరులో జరిగాయి. 2025లో అవి న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌కు మారాయి. వాటిలో జనం ఎక్కువగా ఎదురుచూసేది అన్‌లిమిటెడ్ తరగతి కోసం. రెండో ప్రపంచ యుద్ధం నాటి పి-51 మస్టాంగ్, ఆ యుద్ధం చివర్లో తయారైన బేర్‌క్యాట్, సీ ఫ్యూరీ వంటి విమానాలు నేలకు బాగా దగ్గరగా, స్తంభాల చుట్టూ తిరుగుతూ పోటీ పడతాయి. వీటిని ఫొటో తీయడం ఎందుకంత కష్టమో మన లెక్కల పుస్తకంతోనే తెలుసుకుందాం.

విమానం వేగం గంటకు 720 కిలోమీటర్లు అనుకుందాం. 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 200 మీటర్లు. కెమెరా షట్టర్ సెకనులో 1000వ వంతు మాత్రమే తెరుచుకున్నా, ఆ లోపే విమానం 20 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. 125వ వంతు తెరిస్తే 1.6 మీటర్లు! అయితే షట్టర్ వేగం పెంచేస్తే సరిపోతుందిగా అని మేమూ అనుకున్నాం. అక్కడే చిక్కుంది.

మస్టాంగ్ ఇంజన్ పూర్తి శక్తితో నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. మధ్యలో గేర్లు ఉండడం వల్ల ప్రొపెల్లర్ తిరిగేది సుమారు 1,440 చుట్లే, అంటే సెకనుకు 24. సెకనులో 1000వ వంతులో అది 9 డిగ్రీలు కూడా తిరగదు. అందుకే ఫొటోలో రెక్కలు ఆగిపోయినట్టు, విమానాన్ని దారంతో వేలాడదీసినట్టు కనిపిస్తుంది. నాలుగు రెక్కల మధ్య దూరం 90 డిగ్రీలు కాబట్టి, నిండు చక్రంలా కనిపించాలంటే షట్టర్ సెకనులో దాదాపు 100వ వంతు తెరుచుకోవాలి. ప్రొపెల్లర్‌కు నిదానం కావాలి, విమానానికి వేగం కావాలి!

దీనికి ఉపాయం, విమానంతో పాటు కెమెరాను కూడా అదే వేగంతో తిప్పడం. దీన్ని ప్యానింగ్ అంటారు. కాళ్లు కదపకుండా నడుము తిప్పాలి. బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. మన హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఆర్టీసీ బస్సు మీద సాధన చేయవచ్చు. బస్సు స్పష్టంగా, వెనక చెట్లు గీతలుగా వస్తే చెయ్యి కుదిరినట్టే. మొదట్లో మాకు చెట్లు స్పష్టంగా, బస్సు గీతలుగా వచ్చింది.

ప్రొపెల్లర్ లెక్కకు సీలింగ్ ఫ్యాన్ చాలు. నిమిషానికి 300 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాన్ నిండు చక్రంలా కనిపించాలంటే సెకనులో ఎన్నో వంతు కావాలి? జవాబు 15. సెల్‌ఫోన్‌తో తీస్తే ఒక్కోసారి రెక్కలు కొడవళ్లలా వంగి కనిపిస్తాయి. చాలా ఫోన్లు బొమ్మనంతా ఒకేసారి కాక వరుసలు వరుసలుగా నమోదు చేయడమే దానికి కారణం.

ఇంకో శత్రువు ఎండ. రీనో చుట్టూ ఎడారి. మధ్యాహ్నం నేల వేడికి గాలి పొరలు కదిలి, కాంతి వంగి, విమానం నీటిలో ఉన్నట్టు వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా ఇది పోదు. పొద్దున్నే తీయాలి.

ఇదంతా సరదా కోసమే అనుకోవద్దు. 2011 సెప్టెంబరు 16న రీనోలో 'గాలపింగ్ గోస్ట్' అనే మస్టాంగ్ అదుపు తప్పి ప్రేక్షకుల ముందు కూలింది. పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. తోక రెక్క వెనక అంచున ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలక ఉంటుంది. అది గాలిలోనే విరిగిపోయిందని దర్యాప్తు అధికారులకు చూపించినవి అక్కడివారు తీసిన ఫొటోలే. దాని స్క్రూలను పట్టి ఉంచే పాత లాక్ నట్లు పట్టు కోల్పోవడంతో ఆ పలక అదిరి విరిగిందని 2012లో తేల్చారు. ఫొటో మసకగా ఉంటే అంత చిన్న పలక ఉందో లేదో ఎవరికీ కనిపించేది కాదు.