నేరమునకు శిక్ష: మారిన దృష్టి

నల్లజర్ల మెట్ట ప్రాంతమున పామాయిలు గెలలనో, బోరు మోటారు తీగనో దొంగిలించి ఒక కుఱ్ఱవాడు పట్టుబడినాడనుకొందము. జైలుకు పంపిన గాని బుద్ధి రాదని పెద్దలనుట కద్దు. చట్టము కూడ చిరకాలము ఇట్లే తలచెను. నేడు దాని తలంపు వేరు. పంచాయతీ సభ్యులు ఈ సంగతి నెఱుగుట అవసరమని మా అభిప్రాయము.

పూర్వము నేరమును మనిషి చేసిన పనిలో గాక పుట్టుకలోనే చూచెడివారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించినది. కొన్ని తెగల పేరులు పోలీసు పట్టికల కెక్కెను. కుటుంబములకు కుటుంబములనే సెటిల్మెంట్లలో నుంచిరి. బాపట్ల చెంత స్టూవర్టుపురము అట్టిదే. ఏ దొంగతనమును ఎఱుగని బిడ్డయు అచ్చట అనుమానితుడే! ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. ఆ దృష్టి మాత్రము అంత సులభముగా పోలేదు. జైళ్లలో కులమును బట్టి పనులు పంచుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు 2024 అక్టోబరు వరకు పట్టినది.

ఖైదీని సంస్కరించుట జైలు లక్ష్యమని 1919-20 నాటి జైళ్ల సంఘము చెప్పెను. మౌలాలిలో 1954లో, అనంతపురమున 1965లో ఖైదీలు సేద్యము చేయు బహిరంగ కారాగారములు వెలసినవి.

గ్రామమునకు మిక్కిలి దగ్గరిది 1958 నాటి ప్రొబేషన్ చట్టము. యావజ్జీవ శిక్షకు తగిన నేరము కానిచో, 21 ఏండ్ల లోపు వానిని కారణము వ్రాయకుండ జైలుకు పంపరాదు. కోర్టు కోరగా ప్రొబేషన్ అధికారి వాని నడవడిని, ఇంటి పరిస్థితిని విచారించును. అతడు ఊరికి వచ్చినపుడు సభ్యుల మాటకు విలువ గలదు. కక్షలు, పార్టీలు పక్కన బెట్టి (నిజమునకు ఇదియే కష్టము) ఎఱిగిన దానినే చెప్పవలెను. ఈ చట్టము క్రింద విడుదలయైన వానికి ఆ నేర నిర్ణయము వలన చట్టరీత్యా కలుగు అనర్హత యుండదు.

2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మరియొక అడుగు వేసినది. రూ. 5,000 లోపు సొత్తును దొంగిలించి మొదటిసారి నేరము రుజువైనవాడు సొత్తునో, దాని విలువనో తిరిగి యిచ్చినచో వానికి సమాజసేవయే శిక్ష. ఇండ్లలో చేసిన దొంగతనమునకు ఇది వర్తింపదు. కూలి లేని ఆ పని ఏదో కోర్టే ఆదేశించును. రచ్చబండ వద్ద జరిమానా వేయుట, గుండు గీయించుట, వెలివేయుట పంచాయతీ అధికారములు కావు.

మరి నష్టపోయిన రైతు మాటేమి? ప్రొబేషన్‌పై విడుచునపుడును పరిహార మిప్పించు అధికారము కోర్టునకు గలదు. రైతు తన నష్టమును లెక్కతో కోర్టుకు తెలుపుకొనుటకు సభ్యులు తోడ్పడవచ్చును.