ఇంగ్లీషు పాఠము: ‘మునుగుట’కు ఎన్ని మాటలు?

ఈసారి పాఠానికి ఈత మాటలు తీసుకున్నాము. రాజపాళయంలో ఉన్న మనవారికి ఈత కొత్త కాదు. కొన్ని వందల ఏండ్ల క్రిందట ఆంధ్ర దేశమునుండి వచ్చి పడమటి కనుమల పాదాన స్థిరపడిన రాజుల కుటుంబాలలో నేటికీ ఇంటి భాష తెలుగే. బయట తమిళము, పై చదువులో ఇంగ్లీషు. ఆ పక్క పల్లెలలో పిల్లలు ఈత నేర్చేది చేను బావిలో, లేదా కణ్మాయ్ అని పిలిచే చెరువులో. నడుముకు ఎండిన సొరబుర్రయో ఖాళీ ప్లాస్టిక్ డబ్బాయో కట్టి, పెద్దవారు తాడు పట్టుకొని దింపుతారు. నాలుగు రోజులకు బార వేయడం వస్తుంది.

ఈత వచ్చును గాని ఇంగ్లీషులో ఈత మాటలు రావు. చదువుకో పనికో చెన్నైకి, గల్ఫుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిన పిల్లవాడు ఒడ్డున ఉన్న బోర్డును తప్పుగా అర్థము చేసుకున్నా, ఫోనులో ఒక మాట తప్పు చెప్పినా ప్రాణము మీదికి వస్తుంది. కనుక పోటీల మాటలకంటె అపాయపు మాటలే ముందు నేర్చుకొందాము.

తెలుగులో ‘మునుగు’ అన్న ఒక్క మాటతో ఎన్నో పనులు జరిగిపోతాయి. ఏటిలో మునిగి లేస్తాము. గజ ఈతగాడు బావి అడుగుదాకా మునిగి పడిపోయిన చెంబు తెస్తాడు. పడవ మునుగుతుంది, పైరు మునుగుతుంది, మనిషీ మునుగుతాడు. తమిళములో ‘మూళ్గు’ కూడా దాదాపు ఇంతే. ఇంగ్లీషు అలాగు కాదు. చటుక్కున మునిగి లేస్తే డిప్. తనంతట తాను అడుగుకు వెళితే డైవ్. రాయి గాని పడవ గాని అడుగుకు పోతే సింక్. వరదలో పొలము, ఆనకట్ట వెనుక ఊరు నీటి క్రిందికి పోతే సబ్‌మర్జ్. ఊపిరి తీసే ప్రాణికి నీళ్ళలో ఊపిరి ఆడకపోతే డ్రౌన్. బాప్తిస్మములో పూర్తిగా ముంచుటకు వాడే ఇమ్మర్షన్ అన్న మాట మన సంఘములవారికి చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు కాలములో ఉన్నది. “తమ్ముడు మునిగిపోయాడు, రండి రండి” అని మనము కేక వేస్తాము. వాడు ఇంకా నీళ్ళలో కొట్టుకొంటున్నా అలాగే అంటాము. దానినే మక్కికి మక్కి “మై బ్రదర్ డ్రౌన్డ్” అంటే, వినేవారికి తమ్ముడు చనిపోయాడని అర్థము. “మై బ్రదర్ ఈజ్ డ్రౌనింగ్” అంటే ప్రాణముతో ఉన్నాడు, పరుగున రండి అని. నీటి క్రిందికి పోయి కనబడకపోతే “హీ వెంట్ అండర్. హీ హాజ్ నాట్ కమ్ అప్.” ఒడ్డుకు తీసిన తరువాత ఊపిరి లేకపోతే “హీ ఈజ్ నాట్ బ్రీతింగ్.” ఈ వాక్యాలు పిల్లలచేత గట్టిగా, పలుమార్లు చెప్పించండి. మన దేశములో ఫోను 112. తమిళనాడులో అంబులెన్సుకు 108. మునిగేవారు సాధారణముగా కేకలు వేయలేరు, చప్పుడు లేకుండానే పోతారు. కనుక చూచినవారికే ఈ మాటలు రావాలి.

వైద్యులు మాత్రము ఈ మాటను వేరుగా వాడుతారు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన మహాసభలో, నీటిలో చిక్కుకొని ఊపిరికి ఇబ్బంది కలగడమే డ్రౌనింగ్ అని నిర్వచించారు. మనిషి బ్రతికినా అదే మాట. ఆసుపత్రి కాగితములో ఆ మాట చూచి గుండె జారనక్కరలేదు.

‘దూకు’ కూడా ఇటువంటిదే. కాళ్ళు ముందుగా దూకితే జంప్, తల ముందుగా దూకితే డైవ్. “షాలో వాటర్, నో డైవింగ్” అంటే లోతు తక్కువ, తలక్రిందులుగా దూకితే మెడ విరుగుతుంది అని. లోతైన బావి గట్టుమీదనుండి దూకి అలవాటైనవారు స్విమ్మింగ్ పూల్‌లో ఈ బోర్డును తప్పక చూడాలి. పూల్‌లో లోతు తక్కువ వైపు షాలో ఎండ్, ఎక్కువ వైపు డీప్ ఎండ్. 1.2 మీటర్లంటే సుమారు 4 అడుగులు, 1.8 అంటే సుమారు 6. కాలికి నేల అందకపోతే “ఐ యామ్ అవుట్ ఆఫ్ మై డెప్త్” అనాలి. నిలువు ఈతకు ట్రెడింగ్ వాటర్ అని పేరు; నీళ్ళను తొక్కడమన్నమాట, మంచి మాటే.

సముద్రపు ఒడ్డున “డేంజరస్ కరెంట్స్” అని ఉంటే కరెంటు తీగలకోసం వెదకరాదు. ఇక్కడ కరెంట్ అంటే ప్రవాహము. రిప్ కరెంట్ ఒడ్డునుండి లోపలికి లాగే ఇరుకైన ప్రవాహము. ఎదురీదితే బలము పోతుంది. తేలుతూ, చేయి ఎత్తి సహాయము అడగాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరముగా ఈది దానినుండి బయటపడి, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఆస్ట్రేలియాలో “స్విమ్ బిట్వీన్ ది ఫ్లాగ్స్” అంటే ఎరుపు పసుపు జెండాల మధ్యనే ఈదమని, లైఫ్‌గార్డులు కనిపెట్టి చూచేది అక్కడే. రాజపాళయం దగ్గరి అయ్యనార్ కోయిల్ జలపాతమువంటి చోట వేరే మాట కావాలి. కొండపైన వాన కురిస్తే క్రింద ఎండ కాస్తున్నా ఏరు ఒక్కసారిగా పొంగవచ్చు. దానిని ఫ్లాష్ ఫ్లడ్ అంటారు.

ఇక పోటీల మాటలు. ఫ్రీస్టైల్ అంటే ఏ విధముగానైనా ఈదవచ్చునని. అందరూ బార ఈతే ఈదుతారు కాబట్టి దానికే ఆ పేరు నిలిచింది. వెల్లకిల ఈత బ్యాక్‌స్ట్రోక్. 1994లో తమిళనాడు బాలుడు కుట్రాలీశ్వరన్ పన్నెండేళ్ళకే ఇంగ్లీషు ఛానెల్ ఈదాడు. అది టీవీ ఛానెల్ కాదు, రెండు దేశాల మధ్య సముద్రపు పాయ. మన ‘తెడ్డు’కు కూడా రెండు మాటలున్నవి: పడవకు బిగించి ఉంటే ఓర్, చేతితో పట్టుకొని వేస్తే ప్యాడిల్.

అభ్యాసము: వీటిని ఇంగ్లీషులో చెప్పండి. 1. రాయి మునిగింది. 2. వరదకు మా పొలము మునిగింది. 3. అక్కా, తమ్ముడు మునిగిపోతున్నాడు!

జవాబులు: 1. ది స్టోన్ శాంక్. 2. అవర్ ఫీల్డ్ వాజ్ సబ్‌మర్జ్డ్ ఇన్ ది ఫ్లడ్. 3. అక్కా, తమ్ముడు ఈజ్ డ్రౌనింగ్! (అక్కను పిలవడానికి ఇంగ్లీషు మాట వెదకనక్కరలేదు.)