ఐప్యాడ్ ప్రో ఎం5 ఫస్ట్ ఇంప్రెషన్స్: ల్యాప్‌టాప్ బదులు ఇదొక్కటి సరిపోతుందా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చాలా ఇళ్లలో డిగ్రీ, బీటెక్, మెడిసిన్ సీటు వచ్చాక కొనే మొదటి పెద్ద వస్తువు ల్యాప్‌టాపే. ఆ డబ్బు పత్తి అమ్మకం నుంచో, చీటీ పాట నుంచో, దుబాయ్‌లో ఉన్న అన్న నుంచో వస్తుంది. మళ్లీ నాలుగేళ్ల దాకా ఇంకోటి కొనే పరిస్థితి ఉండదు. అందుకే "టాబ్లెట్ తీసుకుంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదట కదా?" అనే ప్రశ్నకి గాలివాటం జవాబు చెప్పకూడదు. యాపిల్ ఇప్పటిదాకా తెచ్చిన ఐప్యాడ్లలో పవర్‌ఫుల్ మోడళ్లలో ఒకటైన ఐప్యాడ్ ప్రో ఎం5ని ముందు పెట్టుకుని, ఆ ప్రశ్నని ఒక పాఠంలా విడదీసి చూద్దాం.

ముందు స్పెక్స్, క్లుప్తంగా

2025 అక్టోబర్ 15న ప్రకటించారు, 22 నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. 11, 13 అంగుళాల రెండు సైజులు. 256జీబీ, 512జీబీ మోడళ్లలో 9 కోర్ల సీపీయూ, 12జీబీ ర్యామ్. 1టీబీ, 2టీబీ మోడళ్లలో 10 కోర్ల సీపీయూ, 16జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ అన్నింటిలోనూ 10 కోర్లే. ఒకే ఒక్క థండర్‌బోల్ట్ పోర్ట్ ఉంది, హెడ్‌ఫోన్ జాక్ లేదు. సెల్యులార్ మోడల్ తీసుకుంటే ఈ-సిమ్ మాత్రమే, సిమ్ కార్డు పెట్టే ట్రే ఉండదు.

చేతిలోకి తీసుకుంటే

మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది మందం. 13 అంగుళాల మోడల్ మందం 5.1 మిల్లీమీటర్లు, బరువు 579 గ్రాములు. రికార్డు పుస్తకం కన్నా సన్నంగా అనిపిస్తుంది. స్క్రీన్ అయితే మాటల్లేవ్. ఒకదాని మీద ఒకటిగా రెండు ఓఎల్ఈడీ పొరలు పెట్టారు కాబట్టి మామూలు కంటెంట్‌కి కూడా 1000 నిట్స్ వెలుగు ఇస్తుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ స్క్రీన్ 500 నిట్స్ దగ్గర ఆగిపోతుంది. ఎండ పడే వరండాలో కూర్చుని పీడీఎఫ్ చదివేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

మ్యాజిక్ కీబోర్డ్ తగిలించగానే కథ మారుతుంది. టైపింగ్ హాయిగా ఉంది, ట్రాక్‌ప్యాడ్ పెద్దది. కానీ రెండూ కలిపితే బరువు దాదాపు 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ అంత అవుతుంది. అంటే టాబ్లెట్‌ని ల్యాప్‌టాప్‌గా మార్చిన మరుక్షణం తేలిక అనే లాభం పోయినట్టే. ఇది గుర్తుపెట్టుకోండి, లెక్కల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అసలు మార్పు సాఫ్ట్‌వేర్‌లో

ఐప్యాడ్‌ని ల్యాప్‌టాప్ చేయాలన్న ప్రయత్నం ఇవాళ్టిది కాదు. మొదటి ఐప్యాడ్ ప్రో 2015లో వచ్చింది. 2020లో ట్రాక్‌ప్యాడ్ సపోర్ట్, 2021లో మ్యాక్‌లో వాడే ఎం1 చిప్, 2022లో స్టేజ్ మేనేజర్ వచ్చాయి. ప్రతిసారీ హార్డ్‌వేర్ పరిగెత్తింది, సాఫ్ట్‌వేర్ నడిచింది.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 ఆ దూరాన్ని బాగా తగ్గించింది. యాప్ విండోల్ని మూల పట్టుకుని ఎంత కావాలంటే అంత లాగొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. పైనుంచి కిందికి లాగితే మెనూ బార్ వస్తుంది. పీడీఎఫ్‌ల కోసం ప్రివ్యూ యాప్ ఉంది. ఏ ఫైల్ ఏ యాప్‌లో తెరుచుకోవాలో మనమే చెప్పొచ్చు. వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పెద్ద పనులు వెనకాల నడుస్తుంటాయి, అయితే ఆ యాప్ తయారు చేసినవాళ్లు ఆ సౌకర్యం పెట్టి ఉండాలి. ఒకపక్క లెక్చర్ వీడియో, ఇంకోపక్క నోట్స్, కింద చిన్నగా క్యాలిక్యులేటర్ పెట్టుకుని పనిచేస్తే ఇది టాబ్లెట్ అన్న సంగతే మర్చిపోతాం.

పాఠం: వేగం వేరు, అనుమతి వేరు

ఇక్కడే చాలామంది తికమక పడతారు. "మ్యాక్‌లో ఉన్న చిప్పే దీంట్లోనూ ఉంటే మ్యాక్ చేసే పనులన్నీ ఇదీ చేయాలి కదా?" అనుకుంటారు. చేయదు. చిప్ ఎంత వేగంగా పని చేయగలదో చెబుతుంది. ఏ పని చేయనివ్వాలో ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతుంది.

ఐప్యాడ్‌లో ప్రతి యాప్‌కి దాని గది దానిదే. పక్క గదిలోకి తొంగిచూడటానికి వీల్లేదు. సెక్యూరిటీకి ఇది మంచిదే. కానీ ప్రోగ్రామింగ్ అంటేనే ఒక టూల్ తయారు చేసిన ఫైల్‌ని ఇంకో టూల్ తీసుకుని నడపడం. ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్, డేటాబేస్ అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అందుకే ఆండ్రాయిడ్ స్టూడియో, పూర్తి వీఎస్ కోడ్, డాకర్ ఐప్యాడ్‌లో ఇన్‌స్టాల్ కావు. యాపిల్ సొంత ఎక్స్‌కోడ్ కూడా రాదు.

కాబట్టి "ఇది ఎంత ఫాస్ట్?" అని కాదు, "నా సిలబస్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ దీంట్లో నడుస్తుందా?" అని అడగాలి. మన మూడు జిల్లాల్లో చదువుతున్నవాళ్ల కోర్సులు తీసుకుని చూద్దాం.

వనపర్తి: బీటెక్, పాలిటెక్నిక్

వనపర్తిలో జేఎన్‌టీయూహెచ్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, రాజుల ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ ఉంది. బీటెక్ ఫస్ట్ ఇయర్ సి ప్రోగ్రామ్‌లు చిన్నవి కాబట్టి ఐప్యాడ్‌లో ఎ-షెల్ అనే ఉచిత యాప్‌తో రాసి నడపొచ్చు. పైథాన్‌కి గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ వాడితే నెలకి 120 కోర్-గంటలు ఉచితం, అంటే రెండు కోర్ల మెషీన్ 60 గంటలు. కానీ కోల్యాబ్‌కైనా కోడ్‌స్పేసెస్‌కైనా నెట్ ఉండాలి. నెట్ పోతే ల్యాబ్ మూతపడినట్టే.

సెకండ్ ఇయర్ దాటాక ఇబ్బంది మొదలవుతుంది. ఆండ్రాయిడ్ యాప్ ప్రాజెక్ట్ అయినా, ఈసీఈ వాళ్లు వాడే వివాడో అయినా, సివిల్ వాళ్ల స్టాడ్ ప్రో, మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్ అయినా ఇందులో రావు. ఆటోక్యాడ్‌కి వెబ్, మొబైల్ వెర్షన్లు ఉన్నాయి. డ్రాయింగ్ తెరిచి చిన్న మార్పులు చేయడానికి బాగుంటాయి. డెస్క్‌టాప్ ఆటోక్యాడ్ స్థానం మాత్రం అవి తీసుకోలేవు. ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టులు కూడా చాలావరకు విండోస్ లేదా మ్యాక్ ఉండాలనే అంటాయి.

తీర్పు: ఇంజనీరింగ్ వాళ్లకి ఇది రెండో డివైజ్ మాత్రమే.

నాగర్‌కర్నూల్: మెడిసిన్, డిగ్రీ

నాగర్‌కర్నూల్, వనపర్తి రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో మొదలయ్యాయి. ఎంబీబీఎస్ వాళ్ల పని అంతా చదవడం, గీయడం, గుర్తుపెట్టుకోవడం. వేల పేజీల పీడీఎఫ్ మీద పెన్సిల్‌తో నేరుగా రాసుకోవడం, అనాటమీ బొమ్మలు రంగుల్లో గీసుకోవడం, లెక్చర్ రికార్డ్ చేస్తూ నోట్స్ తీసుకోవడం లాంటి పనుల్లో ఐప్యాడ్ ల్యాప్‌టాప్‌ని దాటిపోతుంది. వీళ్ల కోర్సులో విండోస్ సాఫ్ట్‌వేర్ అవసరం తక్కువ. అయితే ఈ పనులకి ఎం5 ప్రో అక్కర్లేదు. మామూలు ఐప్యాడ్ లేదా ఐప్యాడ్ ఎయిర్ చాలు.

బీకామ్ కంప్యూటర్స్ వాళ్ల సంగతి పూర్తిగా తిరగబడుతుంది. ట్యాలీ ప్రైమ్ విండోస్ సాఫ్ట్‌వేర్. ఎక్సెల్ ఐప్యాడ్‌లో ఉంది కానీ వీబీఏ మ్యాక్రోలు నడవవు. పైగా మైక్రోసాఫ్ట్ ఆఫీస్ యాప్‌లు 10.1 అంగుళాలు దాటిన స్క్రీన్ల మీద ఎడిటింగ్‌కి సబ్‌స్క్రిప్షన్ అడుగుతాయి. ఐప్యాడ్ ప్రో రెండు సైజులూ ఆ గీత దాటినవే.

గద్వాల: డిజైన్, డీటీపీ

ఈ టాబ్లెట్ అసలు బలం కనిపించే చోటు ఇదే. గద్వాల చీరంటే నూలు చీరకి పట్టు అంచు, పట్టు కొంగు. అంచు మీద బుటా, గోపురం, హంస ఏదైనా ముందు గళ్ల కాగితం మీదికి రావాలి, తర్వాతే జకార్డ్‌కి వెళ్తుంది. ప్రోక్రియేట్ ఐప్యాడ్ యాప్, ఒకసారి డబ్బు కడితే చాలు, నెలనెలా చందా లేదు. యాపిల్ పెన్సిల్‌తో అందులో మోటిఫ్ గీయడం, అద్దంలో తిప్పినట్టు రెండోవైపు తెచ్చుకోవడం, పది రంగుల జోడీలు మార్చి చూడటం చాలా వేగంగా అయిపోతాయి. నేసేముందే కొనేవాళ్లకి చూపించి ఒప్పించొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మెత్తటి బ్రష్‌తో గీస్తే అంచుల దగ్గర మధ్య రంగులు పుడతాయి. మగ్గానికి మధ్య రంగు తెలియదు, పోగు పైకి లేస్తుంది లేదా లేవదు, అంతే. కాబట్టి గట్టి అంచున్న బ్రష్‌తో, లెక్కపెట్టిన గళ్ల సైజు కాన్వాస్ మీదే ఫైనల్ డిజైన్ గీయాలి. పంచ్ కార్డులకి మార్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోస్‌వే. కాబట్టి గీయడం ఐప్యాడ్‌లో, మార్చడం కంప్యూటర్లో.

డీటీపీ, మీసేవ లాంటి సెంటర్ పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. పెళ్లి కార్డులు, కరపత్రాలకి ఇప్పటికీ వాడుతున్న అను ఫాంట్లు, వాటి కీబోర్డ్ మేనేజర్ విండోస్ కోసం చేసినవి. డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్లకి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలి, ఐప్యాడ్‌లో ఆ దారి లేదు. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

కరెంటు, నెట్, ఇంట్లో వాటాలు

వెబ్ వాడకానికి ఐప్యాడ్ ప్రో బ్యాటరీ 10 గంటల దాకా వస్తుందని యాపిల్ చెబుతుంది, ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి 15 గంటలు అంటుంది. కారణం సింపుల్: 13 అంగుళాల ఐప్యాడ్ బ్యాటరీ 38.99 వాట్-అవర్లు, ఎయిర్‌ది 53.8. ఎక్కువ వాట్ల అడాప్టర్ ఉంటే ఎం5 ఐప్యాడ్ దాదాపు అరగంటలో సగం దాకా ఎక్కుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

సెల్యులార్ మోడల్ తీసుకుంటే జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి. పట్టణాల్లో హాయిగా నడుస్తుంది. అమ్రాబాద్ దాటి నల్లమల లోపలికి వెళ్తే ఏ చిప్ అయినా సిగ్నల్ పుట్టించలేదు కదా. క్లౌడ్ మీద ఆధారపడే పనులు ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

ఇంకోటి ఎవరూ చెప్పని విషయం. ఇంట్లో అక్క, తమ్ముడు ఒకే ల్యాప్‌టాప్ వాడుకుంటారు. విండోస్‌లో, మ్యాక్‌లో ఎవరి లాగిన్ వాళ్లకి పెట్టుకోవచ్చు. ఇంట్లో వాడే ఐప్యాడ్‌కి ఒక్కరే యూజర్. అక్క నోట్స్, తమ్ముడి గేములు, నాన్న వాట్సాప్ ఫొటోలు అన్నీ ఒకే చోట పడతాయి.

డబ్బు లెక్క

11 అంగుళాల ఐప్యాడ్ ప్రో 256జీబీ వైఫై మోడల్ విడుదల ధర ₹99,900. మ్యాజిక్ కీబోర్డ్ ₹29,900. మొత్తం ₹1,29,800. పెన్సిల్ ప్రో ₹11,900 కలిపితే ₹1,41,700.

13 అంగుళాలది ₹1,29,900. కీబోర్డ్ ₹33,900. మొత్తం ₹1,63,800. పెన్సిల్‌తో ₹1,75,700.

ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ 2025 మార్చిలో 16జీబీ ర్యామ్‌తో ₹99,900కి వచ్చింది, కీబోర్డ్ అందులోనే ఉంది. అంటే అదే సైజు స్క్రీన్‌తో, దాదాపు అదే బరువుతో, ల్యాప్‌టాప్ అవతారం ఎత్తించడానికి ఐప్యాడ్ మీద ₹63,900 ఎక్కువ పెడుతున్నాం. ఆ డబ్బుకి వచ్చేది మంచి స్క్రీన్, టచ్, కావాలంటే పెన్సిల్. పోయేది సగం సాఫ్ట్‌వేర్. పెన్సిల్‌తో రోజూ గీయని మనిషికి ఇది నష్టం బేరమే.

తక్కువ బడ్జెట్‌లో

యాభై, అరవై వేలల్లో 16జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, దాంతో పాటు నోట్స్‌కి షావోమీ ప్యాడ్ 7 లాంటి టాబ్లెట్ (విడుదల ధర ₹27,999) తీసుకుంటే, రెండూ కలిపి ఒక్క 11 అంగుళాల ఐప్యాడ్ ప్రో కన్నా తక్కువలో అయిపోతాయి. ఒకటి రిపేర్‌కి వెళ్లినా ఇంకోటి చేతిలో ఉంటుంది. సర్వీస్ కోసం హైదరాబాద్‌కో కర్నూలుకో బస్సెక్కాల్సిన వాళ్లకి ఇది పెద్ద ధైర్యం.

కొనే ముందు ఈ వారం రోజుల పరీక్ష చేయండి

1. కాలేజీ ల్యాబ్ మాన్యువల్ తెరిచి, వచ్చే రెండేళ్లలో వాడాల్సిన సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. సీనియర్లని అడగండి.
2. ప్రతి పేరు పక్కన మూడింట్లో ఒకటి రాయండి: "ఐప్యాడ్ యాప్ ఉంది", "బ్రౌజర్‌లో నడుస్తుంది", "రాదు".
3. "రాదు" అని ఒక్కటి ఉన్నా, అది పరీక్షకో ప్రాజెక్ట్‌కో తప్పనిసరి అయితే అక్కడితో ఆగిపోండి. ల్యాప్‌టాప్ కొనండి.
4. "బ్రౌజర్" అని ఉన్నవాటిని మీ ఊళ్లో, మీ నెట్ మీద, సాయంత్రం ఏడింటికి తెరిచి చూడండి.
5. వారంలో ఎన్ని గంటలు పెన్నుతో గీస్తారో, రాస్తారో లెక్కపెట్టండి. కీబోర్డ్ గంటలు ఎక్కువైతే ఐప్యాడ్ ప్రో మీ వస్తువు కాదు.

చివరి మాట

ఐప్యాడ్ ప్రో ఎం5 హార్డ్‌వేర్‌కి వంక పెట్టలేం. ఐప్యాడ్ ఓఎస్ 26 పుణ్యమా అని మొదటిసారి దీన్ని కంప్యూటర్‌లా వాడాలనిపిస్తోంది. డిజైనర్లు, ఇలస్ట్రేటర్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, డబ్బుకి ఇబ్బంది లేని మెడికోలు ఇదొక్కదాంతో బతికేయొచ్చు. కోడింగ్, క్యాడ్, ట్యాలీ, డీటీపీ నేర్చుకుని ఉద్యోగమో ఉపాధో వెతుక్కునేవాళ్లకి మాత్రం ఇప్పటికీ ల్యాప్‌టాపే కావాలి. షోరూమ్‌లో స్క్రీన్ చూసి మనసు పారేసుకునే ముందు, జేబులో ఆ సాఫ్ట్‌వేర్ల లిస్టు ఉందో లేదో చూసుకోండి.