కుండీలలో కూరతోట

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో నేడు పెరడు లేని యిండ్లు పెక్కు కలవు. అట్టి యింటివారు డాబాపైననో వాకిటనో నాలుగు కుండీలు పెట్టుదురు. నెల తిరుగకుండ మొక్క చచ్చును. “మా చేతికి మొక్క రాదు” అని మానివేయుదురు. తప్పు చేతిది కాదు, మట్టిది.

తెనాలి, రేపల్లె ప్రాంతపు నల్లరేగడి కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రు. 1855లో విజయవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువ నీరు పాఱి ఆ నేలలు వరికి పుట్టినిండ్లైనవి. కాని ఆ మట్టినే కుండీలో నింపరాదు. రేగడి కణములు మిక్కిలి సన్ననివి. తడిసినపుడు ఒకదానికొకటి అంటుకొని గాలిని చొరనీయవు. ఎండినపుడు బిగిసి నెఱ్ఱెలు వాఱును. వేళ్లకు నీరెంత అవసరమో గాలియు అంత అవసరము. పొలమున వేరు ప్రక్కలకు సాగి బ్రతుకుదెరువు వెదకికొనును. కుండీలో దానికి పోవుటకు చోటేది? బాపట్ల వైపు ఇసుకనేల గుణము వేఱు. పోసిన నీరు క్షణములో జాఱిపోవును. ఎరువు సారము దానితోనే పోవును. కనుక రేగడి ఒక పాలు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల యెరువు ఒక పాలు కలుపవలెను. సముద్రపుటొడ్డు ఇసుక వలదు; అందు ఉప్పుండును. పచ్చిపేడ మాగునపుడు పుట్టు వేడికి లేతవేళ్లు మాడును.

అంగడిలోని రంగుల కుండీలు కన్నులకు విందే కాని, మొక్కకు వానితో పని లేదు. పగిలిన బొక్కెన, పాత నూనెడబ్బా, బియ్యపు సంచి చాలును. ఆకుకూరలకు జానెడు లోతు, మిరపకు, వంగకు మూరెడు లోతు కావలెను. అడుగున నాలుగైదు రంధ్రములు చేసి పెంకుముక్కలు పఱవవలెను. పురుగుమందు డబ్బాను మాత్రము ఎంత కడిగినను వాడరాదు.

విత్తనములకు వంటింటి మెంతులు, ధనియాలు సరిపోవును. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను. తోటకూర విత్తనము కొద్దిగా కొనిన చాలును. మొదటి యేడు వీనితో తృప్తిపడుట మేలని నా యభిప్రాయము. టమాటాను ఎండకాలమున నాటినవారు పూత రాలుట చూచి నిరాశపడుదురు. అది చలికాలపు మొక్క.

నీరు ప్రతిదినము పోయవలెనను నియమము లేదు. మట్టిలో వ్రేలు గ్రుచ్చి, తడి తగిలినచో ఆ పూట మానవలెను. రేపల్లెకు దిగువ తీరగ్రామములలో పలుచోట్ల బోరునీరు ఉప్పన. అది పోసినచో ఆకుల అంచులు మాడును. అచ్చట బియ్యము కడిగిన నీటిని, వాననీటిని దాచుకొనుట ఉత్తమము. ఆకుల అడుగున పేనుబంక కనబడినచో, వేపగింజల పప్పుపొడి 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడకట్టి, మఱునాటి సాయంకాలము చల్లవలెను.

తోటకూర మూడు నాలుగు వారములకు అందివచ్చును. దానిని వేళ్లతో పెఱుకక, మొదట రెండంగుళములు విడిచి కోసినచో ప్రక్కచిగుళ్లు పుట్టి, అదే కుండీ మఱల కోతకు వచ్చును.