సీటు వచ్చాక మొదటి నాలుగు నెలలు

‘దోస్త్’ జాబితాలు వెలువడే రోజుల్లో ఏటా మన ఫిల్మ్‌నగర్ బస్తీల్లో సందడి ఉంటుంది. డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి ఈ ఆన్‌లైన్ పద్ధతే నడుస్తోంది కాబట్టి, ఏ కాలేజీలో సీటు వచ్చిందో ఫోన్‌లోనే తెలిసిపోతుంది. దాతలు ఫీజుకు సాయం చేస్తారు. ఇంట్లో మిఠాయి పంచుతారు. దసరా సెలవులు ముగిశాక చూస్తే ఆ పిల్లల్లోనే కొందరు కాలేజీకి వెళ్లడం మానేసి ఉంటారు. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మేము చూసినంతలో, వాళ్లు తెలివి చాలక ఆగిపోయినవాళ్లు కారు. మొదటి సెమిస్టర్‌లో జారినప్పుడు పట్టుకునేవాళ్లు లేక ఆగిపోయినవాళ్లు.

ముందు హాజరు సంగతి. బడికి రాకపోతే మేము ఇంటికి కబురు పంపుతాం. డిగ్రీలో ఆ పని చేసేవాళ్లు అరుదు. పైగా మన పిల్లలకు కాలేజీ అంటే సినిమాల్లో చూసిన క్యాంటీను, బైకు, పాట. షూటింగులు మన వీధుల్లోనే జరుగుతున్నా ఆ భ్రమ పోదు! ఇంకోపక్క, తెల్లవారుజామున యూనిట్ బండి ఎక్కి లైట్లు మోసినా, గుంపులో నిలబడినా ఆనాటి కూలి చేతికొస్తుంది. వారానికి రెండు రోజులే కదా అనుకుంటారు. ఆరు రోజుల్లో రెండు పోతే హాజరు 67 శాతం కూడా నిండదు. కావలసింది 75. పరీక్ష దగ్గరా, స్కాలర్‌షిప్ దగ్గరా అదే అడ్డు పడుతుంది.

దానికంటే లోతైనది భాష చిక్కు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు ఉర్దూలోనే ఉన్నత విద్య చెప్పాలని నిశ్చయించారు. అందుకోసం ప్రత్యేకంగా అనువాద విభాగం పెట్టి పాఠ్యపుస్తకాలు తయారు చేయించారు. తెలియని భాషలో తెలియని విషయం ఒకేసారి మీద పడితే విద్యార్థి కుంగిపోతాడని ఆనాటి పెద్దలు గ్రహించారు. నేడు బి.కాం.లో చేరిన మన అమ్మాయికి సరిగ్గా అదే జరుగుతోంది. లక్షన్నర పెట్టి కొన్న ఆటో అయిదేళ్లకు యాభై వేలకే పోతుందని ఆమెకు ఇంట్లోనే తెలుసు. అదే సంగతిని క్లాసులో ‘డిప్రిసియేషన్’ అంటే బెదిరిపోతుంది.

మేము చెప్పే ఉపాయం చాలా మామూలుది. ఆనాటి పాఠంలోని పది కొత్త మాటలను సాయంత్రమే ఒక నోటుబుక్కులో రాయాలి. పక్కన తెలుగులోనో ఉర్దూలోనో అర్థం, కింద ఇంటి బతుకు నుంచి ఒక ఉదాహరణ, ఆ తర్వాత సొంతంగా ఒక ఇంగ్లీషు వాక్యం. వాక్యంలో తప్పులున్నా పరవాలేదు. అరగంట పని. నెల తిరిగేసరికి లెక్చరర్‌ను ప్రశ్న అడిగే ధైర్యం వస్తుంది, అదే మాకు కావలసింది. పాత ప్రశ్నపత్రాలు, గైడ్లు తర్వాతి మాట. గైడ్‌తోనే మొదలుపెట్టిన పిల్లలు ప్రశ్న కాస్త మారితే చేతులెత్తేస్తారు.

దాతలైన పెద్దలకు ఒక మనవి. సాయమంతా చేరే రోజే ఇచ్చేయకండి. కొంత పరీక్ష ఫీజు కోసం ఆపి ఉంచండి. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక వారి బస్‌పాస్ డబ్బు పుస్తకాలకు మళ్లించవచ్చు. మగపిల్లలకు మాత్రం పాస్ కావాలి. డబ్బుతోపాటు, మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిన వారంలో ఫోన్ చేసి “ఎలా రాశావు బేటా, హాజరు ఎంతుంది?” అని అడిగే ఒక మనిషిని కూడా ఏర్పాటు చేయండి. అదే కాలేజీలో రెండో ఏడు చదువుతున్న మన పిల్లలెవరైనా ఈ పనికి సరిపోతారు.

ఇంటి పరిస్థితి వల్ల పనికి వెళ్లక తప్పని పిల్లలూ ఉంటారు. వారిని నిందించి లాభం లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే మొదలైంది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే, దాని ప్రధాన ప్రాంగణం మన జూబ్లీహిల్స్‌లోనే ఉంది. పని చేసుకుంటూ అక్కడ తెలుగు మాధ్యమంలోనూ డిగ్రీ చదవవచ్చు. అయితే అక్కడ రోజూ క్లాసు ఉండదు కాబట్టి, ఫోన్ చేసి అడిగే ఆ మనిషి అవసరం ఇంకా ఎక్కువ. కాలేజీ మానేద్దామనుకునే పిల్లవాడికి, చదువు పూర్తిగా వదిలేయక ముందే ఆ దారి చూపించండి.