కొసావో వాగుల్లో కొత్త కాడిస్‌ఫ్లై

బాల్కన్ దేశం కొసావోలోని పర్వత ప్రాంతంలో దొరికిన కొత్త కాడిస్‌ఫ్లై కీటక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘పొటమోఫైలాక్స్ కరోనావైరస్’.

• ప్రకటన: 2021, బయోడైవర్సిటీ డేటా జర్నల్.

• పరిశోధన: ప్రిష్టినా విశ్వవిద్యాలయానికి చెందిన హలీల్ ఇబ్రహీమి బృందం.

• పేరుకు కారణం: కొవిడ్ కాలాన్ని, జలవిద్యుత్ ప్రాజెక్టుల వల్ల నదీజీవులకు ముంచుకొచ్చిన ముప్పును గుర్తుచేయడం.

• క్రమం: ట్రైకోప్టెరా. రెక్కలపై సన్నని నూగు ఉంటుంది. చాలా జాతుల లార్వాలు నీటి అడుగున ఇసుక రేణువులు, ఆకు ముక్కలను తమ పట్టుదారంతో అతికించి గూడు కట్టుకుంటాయి.

• జాతి నిర్ధారణ: మగ కీటకాల జననాంగాల ఆకృతి కీలకం.

• ప్రాముఖ్యం: చాలా కాడిస్‌ఫ్లై జాతులు కాలుష్యాన్ని తట్టుకోలేవు. అందుకే వీటిని స్వచ్ఛమైన నీటికి జీవసూచికలుగా పరిగణిస్తారు.

పోటీ పరీక్షల అభ్యర్థులు దేశం, క్రమం, జీవసూచిక అనే మూడు అంశాలను తప్పక గుర్తుంచుకోవాలి.