తీర్థజలము – దీనజనము

భూమి తన గర్భమునుండి వేడినీటిని వెలికి పంపునపుడు ధనికుడెవరు, దరిద్రుడెవరు అని విచారింపదు. ఆ నీటి చుట్టు గోడ కట్టి గుమ్మము నిలిపినవాడు మానవుడే. కావున రోగపీడితుడైన పేదవానికి ఆ గుమ్మము తెరచుటయు మానవుని ధర్మమే. ఈ ధర్మమును ఆచరించుట ఎంత కష్టమో ఇంగ్లండు దేశమందలి బాత్ నగర చరిత్ర తెలుపుచున్నది.

బాత్ నగరమున సుమారు 46 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల ఊట కలదు. దినమునకు పదిలక్షల లీటర్లకు పైగా ఖనిజజలము అందుండి పైకి వచ్చును. రోమనులు ఆ దేశము నేలిన కాలమున అచ్చట సులిస్ మినర్వా అను దేవతకు ఆలయమును, దాని ప్రక్కనే స్నానశాలలను నిర్మించిరి.

1597లో ఎలిజబెత్ రాణి కాలమున వెలువడిన ఒక శాసనము, స్నానార్థమై బాత్‌కు వచ్చు పేదరోగులను ప్రత్యేకముగా పేర్కొన్నది. వారు ఇద్దరు న్యాయాధికారుల అనుమతిపత్రము పొందవలెను, బిచ్చమెత్తరాదు, వారి పోషణభారమును స్వస్థలమువారే వహింపవలెను. ఆ శాసనము నీటికి దారి చూపినది గాని, తల దాచుకొనుటకు నీడ చూపలేదు.

ఆ కొరత 18వ శతాబ్దమున కొంత తీరెను. 1739లో పార్లమెంటు చట్టము చేయగా, దేశము నలుమూలలనుండి వచ్చు పేదరోగులకై 1742లో ఒక వైద్యశాల తెరువబడెను. నగరమందలి వినోదసభలకు పెద్దయైన రిచర్డ్ నాష్ చందాలు సేకరించెను. రాల్ఫ్ ఆలెన్ రాయి నిచ్చెను. జాన్ వుడ్ నిర్మాణపు నమూనా రచించెను.

నీరున్నచో చాలదా, వైద్యశాల ఏల అని సందేహము కలుగవచ్చును. సీసముతో పనిచేయు రంగులవారు, గొట్టములు అమర్చువారు మున్నగు కార్మికులు ఆ విషమువలన చేతులు చచ్చుబడి అచ్చటికి వచ్చుచుండిరి. మెడవరకు నీటిలో కూర్చున్నపుడు నీటి ఒత్తిడిచే మూత్రము అధికమై, దానితోపాటు సీసము వెలికి పోవునని 20వ శతాబ్దపు పరిశోధనలు తేల్చినవి. ఇది ఒక్క మునకతో సిద్ధించునది కాదు. వారముల తరబడి స్నానము, పనినుండి విశ్రాంతి, కడుపునిండ అన్నము కావలెను. కూలి మానిన దినమున పస్తుండువానికి నీటితో సమానమైన ఔషధము పడకయే.

అయినను లోపములు మిగిలెను. రోగి మూడు పౌండ్లు ముందుగా చెల్లింపవలసియుండెను. తిరుగు ప్రయాణమునకో, మరణించినచో అంత్యక్రియలకో ఆ సొమ్ము ఉద్దేశింపబడినది. స్థానికులకు స్నానములు చేరువలోనే కలవను తలంపుతో బాత్ నగరపు పేదలను మొదట అందు చేర్చుకొనలేదు.

ప్రభుత్వ ఆరోగ్యసేవ ఆ స్నానములలో జరిపిన చికిత్స 1976లో ముగిసెను. నీటిలో ప్రాణాంతకమైన సూక్ష్మజీవి కనబడుటచే 1978లో స్నానములు మూతబడెను. 2006లో నూతన స్నానశాల తెరువబడెను గాని, అది రుసుము చెల్లించి ప్రవేశింపవలసినది.

మన పెద్దలు తీర్థమున్నచోట సత్రమును, సత్రమున్నచోట అన్నదానమును నెలకొల్పుటలోని అంతరార్థ మిదియే. జలము దైవదత్తము. ఆ జలమువరకు పేదవానిని చేర్చి, స్వస్థత కలుగువరకు నిలుపుట మానవుని బాధ్యత.